శాలువా కప్పి లాక్కున్న శనివారాలు

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రం నాలుగయ్యేసరికి మా నాయిన నాచారంలో మా చర్చి గేటు పక్కన మోకాళ్ల మీద ఉండేవాడు. ప్రార్థన అనుకునేరు... బోర్డు రాస్తుండేవాడు.

గోడకు కిందుగా బిగించిన నల్లబోర్డు అది. మర్నాడు ఆరాధనలో చదివే వాక్యం దాని మీద ఉండాలి. ముందు తడిగుడ్డతో పోయిన వారం రాసింది తుడిచేవాడు. అది ఆరేదాకా మెట్టు మీద కూర్చుని చాయ్ తాగేవాడు. తర్వాత దారానికి సుద్ద పూసి, ఒక కొస నాకిచ్చి, టప్పుమని కొట్టి గీతలు వేసేవాడు. పసుపు అక్షరం, దాని వెనక ఎర్రటి నీడ, చివర్లో ఓ ద్రాక్షగుత్తో, గోధుమ కంకో... ఒక వారం వేసిన బొమ్మ ఇంకో వారం వేసేవాడు కాదు.

మిగతా వారమంతా ఆయన పని ఇండస్ట్రియల్ ఏరియాలో, మందుల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించే మిషను దగ్గర. మూత సరిగ్గా పడితే ఆయన్ని ఎవరూ చూడరు, వంకరగా పడితే సూపర్‌వైజర్ చూస్తాడు.

పక్కింటి ఎల్లయ్య మామ ప్రతి శనివారం అదే ప్రశ్న... దీంతో నీకేమొస్తుందని. పెళ్లికి పిలిచినా ఏం పెడతారని అడిగే మనిషి, ఇంకేం అడుగుతాడు? నాయిన ఒక్కసారే జవాబు చెప్పాడు.

"వారమంత ఆళ్లు చెప్పింది జేస్త మామ. గీ రెండు గంటలు నా చెయ్యి నేను చెప్పింది జేస్తది."

మామ తల గీరుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఉప్పల్ అపార్ట్‌మెంటు గ్రూపులో రోజుకో పోస్టు... హాబీ ఉంటే మనసుకు ప్రశాంతత అట, ఒంటికి ఆరోగ్యమట, నిద్ర కూడా పడుతుందట. మొన్న అందంగా రాయడం నేర్పే క్లాసు ఒకటి పెట్టారు. రెండు గంటల్లో గంటన్నర ఫోటోలకే సరిపోయింది. సర్టిఫికెట్టు ఇంకా రాలేదని ఒకాయన అలిగాడు. నెల తిరక్కుండా ఆ కుంచె పెన్నులన్నీ లిఫ్టు పక్కన చెత్తడబ్బాలో తేలాయి. వీళ్లు నాకు చెప్తారు హాబీల గురించి!

సరే, మా సంగతికి వస్తా. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు చర్చికి కొత్త కమిటీ వచ్చింది. కమిటీ అంటే ముగ్గురు పెద్దమనుషులు, ఒక మైకు. వాళ్లకు నాయిన మీద జాలి కలిగింది. పాపం, ప్రతి శనివారం మోకాళ్లు అరగదీసుకుంటున్నాడు, అంత కష్టపడి రాసింది వారానికే చెరిపేసుకుంటున్నాడు... అని మీటింగు పెట్టి మరీ బాధపడ్డారట. ఆ మీటింగుకు ఆయన్ని పిలవాలని మాత్రం మూడు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక నాయినను ముందుకు పిలిచి శాలువా కప్పారు. కమిటీ పెద్ద మైకు అందుకున్నాడు.

"దావీదన్నకు ఇగ తక్లీఫు లేదు. పెద్ద ఫ్లెక్సీ కొట్టిచ్చినం. వానొచ్చినా ఎండొచ్చినా ఖరాబు గాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే... సోమవారం బడిలో గొప్పలు చెప్పుకోవచ్చని. ఆ ఏడో తరగతి పిల్లను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

ఇక ఆ ఫ్లెక్సీ... గులాబీలు, సూర్యోదయం, పావురం, కింద కమిటీ ముగ్గురి నిలువెత్తు ఫోటోలు. వాక్యం ఓ మూలన చీమల బారులా ఉంది. బోర్డును ఊడబీకి సైకిల్ షెడ్డు మీద కప్పేశారు.

తర్వాతి శనివారం నాయిన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడప దాకా వెళ్లి ఆగాడు. ఎక్కడికని అమ్మ అడిగితే ఎక్కడికీ లేదని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వెళ్లి కమిటీ వాళ్లను అడగమని అమ్మ పోరింది. వెళ్లలేదు. సన్మానం చేయించుకున్న మనిషి మళ్లీ ఆ పనే ఇమ్మని ఎలా అడుగుతాడు? నాలుగు వారాలు అలా మంచం మీదే గడిపి, ఫ్యాక్టరీలో శనివారం సాయంత్రాలు ఓవర్‌టైంకు పేరు రాయించుకున్నాడు. మళ్లీ అదే మిషను, అవే మూతలు...

ఈ మధ్య చర్చి వార్షికోత్సవానికని నలుగురు కుర్రాళ్లు ఇంటికొచ్చారు. పాతకాలం లుక్కు కావాలట. కొత్త నల్లబోర్డు చేయించారట, అంకుల్ రాయాలట. రంగు చాక్‌పీసుల డబ్బా చేతిలో పెట్టగానే నాయిన మూత తీసి చూసుకున్నాడు. డెబ్బై దగ్గరపడిన ముఖంలో అంత వెలుగు నేను ఎన్నేళ్లకో చూశాను. ఎన్ని రోజులు ఉంచుతారని అడిగాడు.

"పర్మనెంటు అంకుల్. మీరు రాసినాక మీద అద్దం బిగిస్తం" అన్నాడు ఒకడు, ఎంతో గర్వంగా.

నాయిన మూత పెట్టి డబ్బా తిరిగి ఇచ్చేశాడు.

"గట్లయితె నాకెందుకు బిడ్డ. చెరిపేటట్టుంటె చెప్పున్రి, వస్త."

అంకుల్‌కు కోపం వచ్చిందా అని వాళ్లు నన్ను అడిగారు. అద్దం సంగతి వదిలేసి, ప్రతి శనివారం ఆ బోర్డు ఆయనకిస్తారా ఇవ్వరా చెప్పమన్నాను. కమిటీని అడిగి చెప్తామన్నారు. మూడు వారాలైంది... ఇంకా అడుగుతూనే ఉన్నట్టున్నారు.

అప్పుడు జాలిపడి లాక్కున్నారు, ఇప్పుడు మర్యాదగా అద్దం బిగిస్తామంటున్నారు. కాలం మారిందంటే ఇంతే మరి...

మీ ఇళ్లలోనూ ఇలా ఏదో ఒకటి ఇష్టంగా చేసుకునే మనిషి ఉంటే, అందులో ఆయనకు ఏం దొరుకుతుందో కింద రాయండి. తెలియకపోతే ముందు వెళ్లి ఆయన్నే అడగండి... మేం అడగలేదు.