ముక్కు మేస్త్రీ చూసిన నూనె

మా బావను అందరూ ముక్కు మేస్త్రీ అంటారు. ముక్కు పెద్దదని కాదు, ఆ ముక్కు మాట మీదే జనం బళ్ళు నడుపుతారని. అరవై, డెబ్భై ఏళ్ళనాటి మోటార్ సైకిళ్ళు తప్ప వేరే బండి ముట్టడు. ఎవరైనా కొత్త బండి తోసుకొస్తే, "దీనికి నేనెందుకు? టీవీలు బాగుచేసేవాడి దగ్గరికి పో" అని పంపేస్తాడు. మా అక్కను చేసుకున్నాడు కాబట్టి నేను పడుతున్నాను గానీ, ఆ నోటికి షెడ్డు మీద కాకి కూడా వాలదు.

నాది ఆయిల్ కొట్టు. కొత్త సరుకు ఏది వచ్చినా ముందు ఒక సీసా నింపి బావకు చూపించాలి, ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. రెండు చుక్కలు వేళ్ళ మధ్య వేసి రుద్దుతాడు, కాస్త వేడి పుట్టాక వాసన చూస్తాడు. ఆ పాత గేర్‌బాక్సుల్లో తిరిగే షాఫ్టు చుట్టూ ఉంగరాల్లాంటి కంచు బుష్‌లుంటాయి. కొన్ని కొత్త గేర్ ఆయిళ్ళలో గంధకం మందు కలుపుతారు. అది గేర్ల ఉక్కు పళ్ళకు మంచిదే, కంచును మాత్రం చెద కర్రను తిన్నట్టు తినేస్తుంది. అలా పాడైన బుష్ ఏదో ఒకరోజు వేడెక్కి షాఫ్టును పట్టేస్తుంది. అప్పుడు వెనక చక్రం నడుస్తున్నది నడుస్తున్నట్టే బిగుసుకుపోతుంది, క్లచ్ నొక్కినా వదలదు. "కాలిన అగ్గిపుల్ల వాసనొస్తే అది కంచుకు విషంరా" అనేవాడు బావ. డబ్బా మీద రాసి ఉంటుంది కదా అంటే, "డబ్బా అబద్ధమాడుద్ది, ముక్కు ఆడదు" అనేవాడు.

పోయిన ఏడాది ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. తర్వాత లేచి షెడ్డు తెరిచి మళ్ళీ అందరినీ తిట్టడం మొదలుపెడితే, హమ్మయ్య, మనిషి బాగుపడ్డాడనుకున్నాం. జ్వరం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయిందని ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ నెలలోనే మేం వాడే పాత రకం ఆయిల్ రావడం ఆగిపోయింది. దాని బదులు వచ్చిన డ్రమ్ములోంచి సీసా నింపుకుని బయల్దేరాను. దారిలో మూత తీసి నేనూ వాసన చూశాను. కాలిన అగ్గిపుల్ల లాగే అనిపించింది. ఆ మాట నోరు తెరిచి చెప్పాల్సింది, దద్దమ్మను! ఆయన ముక్కు ముందు నా ముక్కెంతలే అనుకున్నాను. బావ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మామూలుకన్నా ఎక్కువసేపే.

"ఎలా ఉంది బావా?"

"ఎలా ఉండటమేంటి, నూనెలా ఉంది. డ్రమ్ము పంపు."

మొదట పోసింది సొంత కూతురి బండికే. నా మేనకోడలు కొండ అవతల ఆస్పత్రిలో నర్సు. వాళ్ళ తాత వదిలి వెళ్ళిన బండి మీద రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతుంది, ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. అక్క ఎంత మొత్తుకున్నా, "నాన్న చూసుకునే బండమ్మా, దానికేమవుద్ది?" అని నవ్వేది. ఆరు నెలలు అలాగే తిరిగింది.

ఒక మధ్యాహ్నం షెడ్డుకు వెళ్ళాను. గుమ్మంలోనే పెట్రోలు గుప్పుమంది. బల్ల మీద ట్యాంకు పైపు ఊడి, బావ చెప్పుల దాకా పారుతోంది. ఆయన అటు తిరిగి, లోహం కాల్చే బ్లో లాంప్ వెలిగించడానికి అగ్గిపెట్టె తెరుస్తున్నాడు. ఎలా దూకానో నాకే తెలియదు, పెట్టె లాక్కుని వీధిలోకి విసిరేశాను.

"పిచ్చెక్కిందా నీకు?"

"నాకా? నీకు వాసన రావట్లేదా బావా?"

ఆయన కిందికి చూశాడు.

"జ్వరం తగ్గిన కాడినుంచి రావట్లేదురా. వస్తుందిలే అనుకున్నా. చెబితే నా దగ్గరికి ఎవడొస్తాడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుద్ది."

నాకు డ్రమ్ము గుర్తొచ్చింది. "మరి ఆ నూనె?"

ఇద్దరం గడియారం చూశాం. పిల్ల డ్యూటీ దిగి బయల్దేరే వేళ. ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి మీదుంటే ఎత్తదు.

నా స్కూటర్ మీద ఘాట్ ఎక్కాం. దారి పొడుగునా బావ ఒక్క తిట్టు తిట్టలేదు, నాకు అదే ఎక్కువ భయమేసింది. ప్రతి మలుపులోనూ రెయిలింగు ఎక్కడైనా విరిగి ఉందేమోనని చూశాను. ఏడో మలుపు దాటాక కనిపించింది, బండి ఆపి పక్కన రాయి మీద కూర్చుని. నాకు ఏడుపొచ్చేసింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

"రెండో గేర్లో ఏదో మూలుగుతోంది నాన్నా. గేర్‌బాక్స్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. అందుకే ఆపేశా. మీరేంటి ఇక్కడ?"

బావ వంగి కింది బోల్టు విప్పాడు. వేడి నూనె అరచేతిలోకి కారుతున్నా చెయ్యి తీయలేదు. నల్లటి నూనెలో కంచు పొడి తళతళలాడుతోంది. తల ఎత్తకుండానే ముక్కు సంగతంతా చెప్పాడు. ఆ రోజు వాసన తెలిసి కూడా నోరు మూసుకున్నానని నేనూ చెప్పాను.

"ఆర్నెల్లు," అంది మేనకోడలు. "రోజూ ఈ దారిలో. భేష్, ఇద్దరికిద్దరూ సరిపోయారు." కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని తర్వాత తిడతాను. ముందిది చెప్పు. ఇంకెన్ని బళ్ళకు పోశావు?"

బావ వేళ్ళు మడుస్తూ తొమ్మిది దగ్గర ఆగాడు.

నేను ఫోన్ చేస్తానన్నాను. "నిండా మునిగినోడికి చలేంటిరా, ఇటివ్వు" అని లాక్కున్నాడు. ఒక్కొక్కరికీ అవే మాటలు: "మేస్త్రీనండీ. నాకు వాసన తెలియట్లేదు. మీ బండికి తప్పుడు నూనె పోశాను. దాన్ని కదపకండి." ఒకాయన తమాషా అనుకుని నవ్వాడు. ఇంకొకాయన తిట్లు నాకూ వినిపించాయి. బావ అన్నిటికీ "అవునండీ" అన్నాడు. అలా ఎనిమిది మంది అయ్యారు.

తొమ్మిదో ఫోను ఇంట్లో ఆడమనిషి ఎత్తింది. "ఆయన ఫోను మర్చిపోయి వెళ్ళారండీ. ఆ బండి మీదే పాపను వెనక కూర్చోబెట్టుకుని, కొండ అవతలికి. పావుగంట అయి ఉంటుంది."

కొండ అవతలికి వెళ్ళాలంటే ఇదొక్కటే దారి. బావ ఫోను నా చేతిలో పెట్టి, రోడ్డు మధ్యకు వెళ్ళి, ఊరి వైపు తిరిగి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.