చట్రం వెనకాల కొంగు

ఒకటి, గత మార్చి: నోవై ఊళ్లోని కార్ల విడిభాగాల కంపెనీ ఒకటి, తాను ఏనాడో కొన్న నా చిత్రాన్ని ముందు హాలులోంచి తీసి, నాకు మాటమాత్రమైనా చెప్పకుండా కాపీ మెషిన్ పక్క గోడకు తగిలించింది. రెండు, జూన్: దాని కింద కాఫీ బల్ల వేశారు. ఎడమ మూలన చుక్కలు పడ్డాయి. స్వయంగా చూసి రాసుకున్నాను. మూడు, ఆగస్టు: నా ఫిర్యాదు అందినట్లయినా తెలియజేయలేదు. నాలుగు, అక్టోబరు: పక్కన కొత్త చీటీ అంటించి, చిత్రానికి 'సముద్రం' అని పేరు పెట్టారు. నేను సముద్రాన్ని గీయలేదు. అందులో రంగూ, నా చేతి విసురూ తప్ప మరే వస్తువూ లేదు.

అదే చీటీలోని 'కేన్వాస్ మీద తైలవర్ణాలు' అన్న మాటను ఐదో తప్పుగా నమోదు చేయబోయి కలం ఆపాను. తప్పే. కానీ ఆ వివరం వారికి రాసిచ్చింది నేనే. అది కేన్వాస్ కాదు. నా భార్య గుంటూరు చర్చిలో కట్టుకున్న తెల్ల పట్టుచీర, ఆమె పెళ్లిచీర.

మేము ఈ దేశం వచ్చిన తొలి శీతకాలం. మంచుకు దారులు మూసుకుపోయాయి. తెచ్చుకున్న కేన్వాస్ అయిపోయింది. చేతిలోని ఊపు మర్నాటికి నిలవదని నా భయం. ఆమె పక్కింటికి వెళ్లినప్పుడు సూట్‌కేసు తెరిచాను. చీరకు పల్చగా జిగురు పట్టించి చట్రానికి బిగించాను. బొమ్మకు సగం నిడివే సరిపోయింది. మిగతా సగాన్ని, కొంగుతో సహా, కోయడానికి చేతులు రాక వెనక్కి మడిచి, పైన కాగితం అంటించాను. రంగు పూయడానికి మాత్రం ఆ చేతులు వెనకాడలేదు.

ఆమె తిరిగొచ్చి చూసింది.

"ఆరేదాకా కిటికీ తీసుంచండి. పిల్లకు దగ్గొస్తుంది," అంది. అంతే.

చిత్రకారుడిగా నేను నిలబడింది ఆ చిత్రంతోనే. రంగు పడని చోట్ల మెరిసే తెలుపు నా సాధన ఫలమని విమర్శకులు మెచ్చుకుంటే తలవంచి స్వీకరించాను. ఆమె నా ప్రతి ప్రదర్శనకూ వచ్చింది. ఆ చిత్రం ముందు మాత్రం ఎన్నడూ ఆగలేదు.

గత ఆదివారం చర్చి నుంచి కారులో వస్తుండగా, పెళ్లి కుదిరిన మా మనవరాలు అడిగింది: "అమ్మమ్మా, నీ వైట్ శారీ నాకిస్తావా? నా వెడ్డింగ్‌కి వేర్ చేస్తా."

"మీ తాతయ్యనడుగు. ఆయనే దాచారు."

"తాతయ్యా, నీ క్లాసెట్‌లో ఉందా?"

నేను కిటికీ అద్దం దించాను.

"క్లాసెట్‌లో ఎందుకుంటుందే? పెద్ద పెద్దవాళ్లంతా చూసి చప్పట్లు కొట్టారు. నీకే చూపించలేదు," అని ఆమె నవ్వింది. మనవరాలు కూడా నవ్వింది, ఏమీ అర్థం కాకుండానే.

ఇంటికి రాగానే నా జాబితా తీశాను. అన్నీ నాకు జరిగినవే. ఆమెకు జరిగినది ఒక్కటీ లేదు.

కనుక ఈ వ్యాసం ప్రతిని ఆ కంపెనీకి పంపుతూ, మొదటి నాలుగు ఫిర్యాదులను ఉపసంహరించుకుంటున్నాను. ముందువైపు మీరు కొన్నది, మీ వద్దే ఉంచుకోండి. వెనక మడిచిన కొంగు మీరు కొన్నది కాదు, నేను అమ్మదగినదీ కాదు. చట్రం వెనక కాగితం విప్పి, ఆ సగాన్ని వేరు చేసి తీసుకోవడానికి అనుమతి కోరుతున్నాను. ఇస్తారో ఇవ్వరో, ఇవ్వకపోతే ఏ కారణం చేతనో, మా మనవరాలి పెళ్లికి ముందుగా, సంతకంతో, లిఖితపూర్వకంగా తెలియజేయవలసినది. జవాబు నా పేర కాదు, నా భార్య పేర రావలెను.