‘ఊరికే’ అని రాసిన ఫ్లాపీ

మార్కాపురం బస్టాండు దాటి కుడిచేతి సందులోకి తిరిగితే, పలకల లారీలు నిలబడే జాగాకు ఎదురుగా సుచరిత దుకాణం. ఒక జిరాక్స్ మిషన్, రెండు కంప్యూటర్లు, గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీలు. గిద్దలూరు నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో అక్కడ టైపింగు ఒక్కటే చేసేది. పోనుపోను నీళ్లలో పడిన ఫోన్లలోంచి ఫోటోలు తీయడం, విరిగిన పెన్‌డ్రైవుల్లోంచి పెళ్లి వీడియోలు రాబట్టడం తనంతట తానే నేర్చుకుంది. ‘సుచరిత చేతిలో పడితే చచ్చిన మెమొరీ కార్డు కూడా లేచి కూర్చుంటది’ అని యర్రగొండపాలెం దాకా పేరు పాకింది. ఎవరైనా ఆ మాట అంటే ‘అదేం లేదులే’ అని తల వంచుకునేది గానీ, లోపల మాత్రం పొంగిపోయేది.

ఆ పేరు వినే పుల్లయ్య వచ్చాడు. త్రిపురాంతకం దగ్గర పల్లె. అరవై దాటిన రైతు, మాట నిదానం. మిఠాయి డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, మూత తీసి, లోపలివి చూపించాడు. నల్లటి ఫ్లాపీలు, ఆరు.

“ఇవి ఇప్పుడెక్కడా ఆడవంట గదా పాపా. ఒంగోలులో అడిగితే నవ్వినారు. నువ్వన్నా చూస్తావని వచ్చినా.”

“ఏముంది పెదనాయనా ఇందులో?”

“మా ఆడమనిషి గొంతు.”

పుల్లయ్య భార్య కృష్ణవేణమ్మ బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. రెండేళ్ల కింద గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి బతికింది, మాట పోయింది. ఇప్పుడు ఏది చెప్పాలన్నా పలక మీద బలపంతో రాస్తుంది. మనవరాలికి మూడో ఏడు. పలక మీద రాస్తే చదివే వయసు కాదు, వినిపిద్దామంటే నాయనమ్మకు గొంతు లేదు. ఆ పిల్ల మొన్న ‘నాయనమ్మకు మాటలు రావు, నాకంటే చిన్నది’ అన్నదట. ఆ సాయంత్రమే కృష్ణవేణమ్మ పలక మీద రాసి చూపించింది: ‘ఫ్లాపీలు ఉన్నాయి గదా, తీయి.’

తొంభై తొమ్మిదిలో టీచర్లకు మార్కాపురంలో కంప్యూటరు నేర్పించినప్పుడు ఆమె మైకు ముందు కూర్చుని పిల్లల కథలు చెప్పి దాచుకుంది. ఒక్కో ఫ్లాపీలో ఒక్క నిమిషం మాటే పట్టేదట. ప్రతిదాని మీదా గుండ్రటి అక్షరాలతో చీటీ అంటించి ఉంది. కుందేలు కథ. వారాల పాట. అల్లరి మేకపిల్ల. అన్నీ అలాంటివే. ఒకదాని మీద మాత్రం ‘ఊరికే’ అని ఉంది.

“ఇదేంది, ఊరికే అని?”

పుల్లయ్య ఆ ఫ్లాపీని వేలితో నిమిరాడు. “దాంట్లో పాఠం లేదు పాపా. ఆ పొద్దు నేను ఆమెను తోలుకొని పోదామని వచ్చినా. బస్సు పోతాదని నేను, ఉండుమని ఆమె. ఆ మిషన్ ముందరే ఇద్దరం కీచులాడుకుంటిమి. అది కూడా పడింది. ఆమె నవ్వింది దాంట్లో.” దాన్ని విడిగా జరిపి, “మిగతావి మనవరాలికి. ఇది నాకు,” అన్నాడు.

“నీకెందుకు దిగులు పెదనాయనా, నేను తీస్తా గదా,” అంది సుచరిత, ఫ్లాపీ చేతిలోకి కూడా తీసుకోకముందే.

ఫ్లాపీ చదివే చిన్న డ్రైవ్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించింది. దానికి తగిన ప్రోగ్రాం ఒకటి వెతికి పట్టుకుంది. ఫ్లాపీలోని ఒక్కో ఫైలూ విడివిడిగా కాక, మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా ఉన్నదున్నట్టు మొత్తం ఒకే ఫైలుగా ఎత్తిపెట్టే ప్రోగ్రాం అది. దాన్ని ఇమేజ్ అంటారు. ఒకసారి ఇమేజ్ చేసి పెట్టుకుంటే తర్వాత ఫ్లాపీ బూజు పట్టినా, విరిగినా భయం లేదు. ప్రోగ్రాంలో బొత్తాములు రెండే. రీడ్ నొక్కితే ఫ్లాపీలో ఉన్నది ఫైల్లోకి వస్తుంది. రైట్ నొక్కితే ఫైల్లో ఉన్నది ఫ్లాపీ మీదికి పోతుంది, దాని మీద అంతకుముందు ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవ్ పనిచేస్తుందో లేదోనని సుచరిత ముందుగా ఒక ఖాళీ ఫ్లాపీని ఇమేజ్ చేసి, దాన్నే తిరిగి రాసి చూసుకుంది. అన్నీ బాగున్నాయి.

ఫ్లాపీ మూలన చిన్న మీట ఉంటుంది. దాన్ని జరిపితే ఇక దాని మీద ఏమీ రాయడం కుదరదు. పని మొదలుపెట్టే ముందు అది జరపాలని సుచరితకు తెలుసు. మొదటి రెండింటికీ జరిపింది కూడా. తర్వాత మానేసింది. తన చేతి మీద తనకు అంత నమ్మకం.

ఐదు ఫ్లాపీలు ఇమేజ్ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. అది ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేందుకు ఆఖరి రోజు. దుకాణం నిండా జనం. ‘అక్కా, నాది ముందు చూడక్కా’ అని ఒకరు, ‘సంతకం స్కాన్ కాలా’ అని ఒకరు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఓ చేత్తో జిరాక్స్ మూత ఎత్తుతూ, సుచరిత చివరి ఫ్లాపీని డ్రైవులోకి తోసి బొత్తాం నొక్కింది. తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. రోజూ వచ్చే వంద ప్రశ్నలకు నొక్కినట్టే, చదవకుండా, సరే అని నొక్కింది.

డ్రైవ్ గరగరలాడింది. ఆ చప్పుడు ఇంతకుముందు ఐదుసార్లు విన్నటువంటిది కాదు. సుచరిత ఫోన్ కింద పెట్టి తెర వంక చూసేసరికి, పని ఎంతయిందో చూపే నీలిగీత సగం దాటి ఉంది. చేయి చాచి డ్రైవ్ తీగ లాగేయడానికి ఒక క్షణం పట్టింది. ఆ తీగ కుర్చీ కాళ్ల మధ్య చిక్కుకుని ఇంకా కొంత ఆలస్యమైంది. రీడ్ అనుకుని నొక్కింది రైట్. వెళ్లింది ఖాళీ ఫ్లాపీ ఇమేజ్. ‘ఊరికే’ అని రాసి ఉన్నదాని మీదికి.

మిగిలిన ముక్కలోనుంచి ఏదైనా వస్తుందేమోనని అందర్నీ ఎలాగో పంపించేసి సాయంత్రం దాకా తంటాలు పడింది. తనకు తెలిసిన విద్యలన్నీ వాడింది. చివరికి రెండు మూడు క్షణాల బుసబుస వచ్చింది. అది మాటా కాదు, నవ్వూ కాదు. తీగ లాగేటప్పుడు అదీ చెడింది కాబోలు.

మర్నాడు పుల్లయ్య వచ్చాడు. సుచరిత కుందేలు కథ పెట్టింది. ‘పిల్లలూ, అందరూ చేతులు కట్టుకున్నారా’ అని గట్టి, చురుకైన గొంతు ఒకటి దుకాణమంతా పరుచుకుంది. పుల్లయ్య భుజమ్మీది తువ్వాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ విన్నాడు. ఐదూ అయ్యాక అడిగాడు.

“ఆ ఇంకోటి పాపా?”

చెప్పడానికి సుచరిత నోరు తెరిచింది. మధ్యాహ్నం ముంచుకొచ్చిన జనం, ఫోను, తీగ, అన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. ఆయన కళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. అప్పుడు వేరే మాట వచ్చింది.

“అది రాలేదు పెదనాయనా. తేమ తగిలింది. బూజు పట్టిపోయింది లోపల.”

ఆ అబద్ధం ఎవరి మీదా పడదనుకుంది. వాన మీదికీ కాలం మీదికీ పోతుందనుకుంది. కానీ పుల్లయ్య మొహం చూస్తుండగానే వాడిపోయింది.

“కందిబస్తాల గదిలో పెట్టినా,” అన్నాడు మెల్లగా. “పోయిన వానలకు ఆ గది కారింది. బీరువాలో పెట్టుమని ఆమె ఎన్నిమార్లు రాసిందో పలక మీద. రేపు, మాపు అంటి. నా చేతులారా నేనే చేసినా.”

“అట్ల కాదు పెదనాయనా...”

“నువ్వేం చేస్తావులే. ఐదు బతికించినావు. నీ చేయి చల్లగుండ.”

ఆ దీవెన మోసుకుని సుచరిత ఇంటికి పోయింది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఆమె భర్త నరేష్ పలకల ఫ్యాక్టరీలో గుమాస్తా. సంగతంతా విని, “ఎవరికి తెలుస్తాది? ఐదు తీసిచ్చినావు, వేరేవాళ్లయితే ఒకటి కూడా తీయరు. వదిలెయ్,” అన్నాడు. ఆమె వదిలేయాలనే చూసింది. పనిలో పడితే మరిచిపోతాననుకుంది. జిరాక్స్ మిషన్ మూత ఎత్తినప్పుడల్లా ఆ తువ్వాలు, ఆ మూతి కనిపించేవి. ఎవరైనా ‘నీ చేతిలో పడితే’ అని మొదలుపెడితే వెంటనే ఇంకో మాటలోకి దిగేది.

వారం తర్వాత పుల్లయ్య వాళ్ల ఊరి భాగ్యమ్మ పాస్‌బుక్కు జిరాక్స్ కోసం వచ్చింది. మాటల్లో ఆయన ప్రస్తావన వచ్చింది.

“ఏం చెప్పేదిలే అమ్మా. ఈ ఎండల్లో పెద్దాయన మిద్దెక్కి కందిబస్తాల గది రేకులు ఒక్కడే విప్పుతాండాడు. కూలోళ్లను పెట్టుకోమంటే, ముందే చేయాల్సిన పని, నేనే చేయాలంటాడు. పంతులమ్మేమో ఆయనతో మాట్లాడ్డంలా.”

“మాట్లాడకపోవడమేంది? ఆమెకు మాట...”

“పలక తిప్పి పెడతాది. ఆయన వస్తే చాలు, పలక బోర్లించేస్తాది. బీరువాలో పెట్టుమంటే పెట్టలేదని కోపం.”

జిరాక్స్ మిషన్ అడ్డంగా కాగితాన్ని నమిలి బయటికి కక్కింది. సుచరిత దాన్ని సాఫు చేసి, ఇంకో కాపీ తీసిచ్చింది. తను ఒక నిమిషం చెరిపేసింది. అంతటితో ఆగకుండా ముసలివాళ్లిద్దరి మధ్య ఉన్న ఆ కాస్త మాటా తీసేసింది.

దుకాణానికి తాళం వేసి త్రిపురాంతకం బస్సెక్కింది.

ఆమె వెళ్లేసరికి పుల్లయ్య పంచ ఎగగట్టి మిద్దె మీద ఉన్నాడు. పాత రేకులు కింద గోడకు ఆనించి ఉన్నాయి. మెడ చుట్టూ పల్చటి గుడ్డ చుట్టుకున్న కృష్ణవేణమ్మ వసారాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కనే పలక, బోర్లా.

“పెదనాయనా, కిందికి దిగు. నీతో చెప్పాలి. పెద్దమ్మతో కూడా.”

ఆయన నిచ్చెన దిగి వచ్చేదాకా ఆగింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పింది. బూజు లేదు, తేమ లేదు, ఫ్లాపీ బాగానే ఉండింది, నేనే చెరిపినా. ఏ బొత్తాం నొక్కింది, ఏ ప్రశ్న చదవలేదు, మూలనున్న మీట ఎందుకు జరపలేదు, అన్నీ చెప్పింది. జనం ఎక్కువగా ఉన్నారని మాత్రం చెప్పలేదు. చెబుదామనుకుంది గానీ, చెప్పబోయేసరికి అది అడ్డం పెట్టుకున్నట్టు అనిపించింది.

ఒక్కసారిగా పుల్లయ్య గొంతు లేచింది.

“ఇన్నాళ్లు నన్ను దోషిని చేసి కూర్చోబెట్టినావు గదే! నా ఇంట్లో నేను దొంగ మాదిరి తిరుగుతి. ఆమె మొగం చూడలేకపోతి. ఒక మాట చెప్పుంటే ఏం పోయేది నీది?”

కృష్ణవేణమ్మ పలక తిప్పింది. ఒడిలో పెట్టుకుని, వంగి, నిదానంగా రాసింది. ముందు మొగుడికి చూపించింది. ఏం రాసిందో సుచరితకు కనిపించలేదు. ఆయన చదివి తల పక్కకు తిప్పుకున్నాడు, కంట్లో దుమ్ము పడినట్టు తుడుచుకున్నాడు. ఆమె అరచేత్తో పలక తుడిచి మళ్లీ రాసి, ఈసారి సుచరిత వైపు తిప్పింది.

‘చెరిపినందుకు కాదు నా కోపం. తప్పు ఆయన మీద పెట్టినందుకు.’

ఆ గుండ్రటి అక్షరాలను సుచరిత రెండుసార్లు చదివింది. క్షమించానని గానీ, క్షమించనని గానీ అందులో లేదు.

కాసేపటికి పుల్లయ్యే లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. “కూర్చో. బస్సుకు ఇంకా టైముంది,” అన్నాడు విసురుగా. తాగింది. ఏం చేయాలో తెలియక చిక్కుడుకాయలు తనూ ఒలవసాగింది. ఎవరూ వద్దనలేదు.

“అసలు ఏముండిందో చెప్తా విను,” అన్నాడు పుల్లయ్య, ఎవరితోనో తేల్చుకోవాల్సిన లెక్క ఉన్నట్టు. “నేను గదిలోకి పోయినా. బస్సు పోతాది లెయ్ అన్నా. ఆ నేర్పే సారు, ఎవరమ్మా ఈయన అని అడిగినాడు. ఈమె నవ్వి, మా ఆయన అనింది. అంతమంది ముందర, సిగ్గు లేకుండా, మైకులో.”

కృష్ణవేణమ్మ బలపం టకటకమని పలక మీద కొట్టింది. రాసి చూపించింది.

‘మా ఊరాయన అన్నా.’

“అబద్ధం! మా ఆయన అనే అన్నావు. నాకు గురుతు లేదా?”

‘ఊరాయన.’ కింద రెండు గీతలు గీసింది.

ఇద్దరూ ఒకేసారి సుచరిత వైపు తిరిగారు, తీర్పు చెప్పమన్నట్టు. ఆ చూపు ఎక్కువసేపు నిలవలేదు. పుల్లయ్య నేల చూశాడు. కృష్ణవేణమ్మ పలక మెల్లగా ఒడిలోకి దించుకుంది. ఎవరి మాట నిజమో తేల్చగలిగిన ఒక్క నిమిషం మొన్నటిదాకా ఉండింది. సుచరిత చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. అంతకుముందు ఆయన అరిచినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

బస్సెక్కేటప్పుడు ఎవరూ మళ్లీ రమ్మనలేదు.

ఆ తర్వాత సుచరిత పని నెమ్మదించింది. తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్ననూ పైకి చదివి గానీ నొక్కదు. ‘ఏందక్కా బడిపిల్ల మాదిరి’ అని కుర్రాళ్లు నవ్వుతారు. త్రిపురాంతకం వైపు నుంచి వచ్చినవాళ్లు మనవరాలి సంగతి చెబుతుంటారు. ఆ పిల్ల రోజూ కుందేలు కథ వింటుందట, చేతులు కట్టుకుని, నాయనమ్మ ఒడిలో కూర్చుని. ఫోన్లోంచి గొంతు వస్తుంటే వెనక్కి తిరిగి నాయనమ్మ పెదాలు చూస్తుందట. అది విన్న రోజు సుచరితకు కొంచెం అన్నం రుచించింది.

వానలు మొదలయ్యాక కురిచేడు నుంచి ఇశ్రాయేలు అనే ఆయన వచ్చాడు. చనిపోయిన తమ్ముడు పాడిన పాటలున్న మెమొరీ కార్డు జేబులోంచి తీశాడు. కాగితంలో చుట్టి, దాని మీద రబ్బరు బ్యాండు వేసి, ఎంతో భద్రంగా తెచ్చాడు.

“త్రిపురాంతకం సంతలో పుల్లయ్యని ఒకాయన చెప్పినాడమ్మా. ఆ పాప దగ్గరికే పో, తప్పు జరిగితే దాచిపెట్టదు, చెప్తాది అన్నాడు.”

సుచరిత చేయి చాచింది గానీ, కార్డు వెంటనే అందుకోలేకపోయింది. పుల్లయ్య అన్న మాట పూర్తిగా నిజం కాదు. ఆమె చెప్పింది, నిజమే. కానీ వారం పాటు ఒక ముసలాయనను ఎండలో మిద్దె మీద నిలబెట్టాక చెప్పింది. అది పుల్లయ్యకు తెలుసు. తెలిసే ఇశ్రాయేలును పంపాడు.

“కూర్చో అన్నా,” అంది చివరికి. “ఇది ఒక్కటే ఉందా, ఇంకో కాపీ ఏమన్నా ఉందా? లేకుంటే ఈ పొద్దు వద్దు. రేపు జనం లేనప్పుడు పొద్దున్నే రా. నీ ముందరే చేస్తా.”