డబ్బాలో తెచ్చిన మాడు

1964 జూన్‌లో ఆబిడ్స్‌లోని ఒక బాలికల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేరాను. బడిలోని గైడ్స్ దళాన్ని కూడా నాకే అప్పగించారు. దళాన్ని కంపెనీ అనీ, దాని పెద్దను కెప్టెన్ అనీ అంటారు. మెదక్ మిషన్ హాస్టల్లో కట్టెల పొగలో పెరిగినదాన్ని, నాంపల్లి కిరాయి గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద వండుకుంటూ ఆ పొగకు మొహం వాచి ఉన్నాను. క్యాంపంటే పిల్లల కన్నా నాకే ఆత్రం.

ప్రధానోపాధ్యాయిని సీతారత్నంగారు ఆడపిల్లలను ఊరి బయట ఉంచడానికి ఒప్పుకోలేదు. ఆరుబయట వంట పరీక్ష నెగ్గనిదే పిల్లలకు బ్యాడ్జి రాదని బతిమాలితే, బడి మైదానంలో ఒక్కరోజు క్యాంపుకు అనుమతించారు. పొగ గురించి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇక క్యాంపుల మాట ఎత్తకూడదన్నారు.

పరీక్షకు రెండే అగ్గిపుల్లలు ఇస్తాం. కాగితం, కిరసనాయిలు వాడకూడదు. గిన్నె అడుగున ముందే తడిమట్టి పూయాలి. మసి మట్టికే అంటుతుంది, తోమడం తేలిక. ఇదంతా పిల్లలు చక్కగా చేశారు. కానీ స్టవ్వు ఒత్తి పెంచి అలవాటైనవాళ్ళు కదా, కట్టెలు ఎక్కువైతే మంటా ఎక్కువవుతుందని పొయ్యినిండా కుక్కేశారు. కట్టెల అడితిలో కొన్న ఆ చింతకట్టెలు సగం పచ్చివి. పొగ గోడ దాటి రోడ్డెక్కింది.

వాచ్‌మన్ మల్లయ్య వచ్చి, "టీచరమ్మా, దుకాణపోళ్ళు లొల్లి చేస్తున్రు. పెద్ద టీచరమ్మ గీడికే వస్తున్రు" అన్నాడు. సగం కట్టెలు బయటికి లాగించాను. గాలి ఆడి మంట ఒక్కసారిగా లేచి అన్నం అడుగంటింది.

సీతారత్నంగారిది గుడివాడ దగ్గరి పల్లె. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు వచ్చి, హిమాయత్‌నగర్‌లో ఒంటరిగా ఉండేవారు. పొయ్యి ముందుకొచ్చి గిన్నెలోకి వంగి చూశారు. నా క్యాంపులకు నూకలు చెల్లాయనుకున్నాను.

"మాడు పారేయకమ్మా, నాకు పెట్టు. మా అమ్మ పోయాక మళ్ళీ ఈ వాసన తగల్లేదు" అన్నారు.

కుర్చీ వద్దని పొయ్యి పక్కనే కూర్చుని, ఆవకాయ నంజుకుంటూ తిన్నారు. దుకాణాలవాళ్ళకు తానే సర్దిచెప్పారు.

మరుసటి ఏడు వికారాబాద్ అడవి అంచున క్యాంపుకు సంతకం చేశారు. బడి వదిలి తాను రాలేననీ, నన్ను తిరిగి వచ్చేటప్పుడు కాస్త మాడు తెమ్మనీ అన్నారు. డబ్బాలో తెచ్చి వాళ్ళింటికి తీసుకెళ్ళాను. అప్పటికది చల్లారి అట్టలా బిగుసుకుపోయింది. ఆవిడ డబ్బా ముక్కుకు ఆనించి చూసి, ఒక ముక్క నమిలి, బాగుందన్నారు. బాగాలేదని ఇద్దరికీ తెలుసు. ఆ వేసవిలోనే రిటైరై సొంతూరు వెళ్ళిపోయారు.

పొయ్యి దగ్గరి అన్నం పొయ్యి దగ్గరే తినాలి. దాన్ని తేవడం కాదు, తినాలని ఉన్న మనిషినే అక్కడికి తీసుకెళ్ళాలి. ఆ తరువాత నడిపిన ప్రతి క్యాంపుకూ బడిలోని పెద్దవాళ్ళలో ఒకరిని పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఇప్పుడు నాది గ్యాసు పొయ్యి. ఈ కాలపు కెప్టెన్లు క్యాంపుకు నన్నింకా పిలవలేదు. పిలిస్తే వస్తాను.