బొగ్గు తొట్టి చీటీ

ఇది ఎప్పుడో రాయవలసింది. యాభై నాలుగో ఏటిదాకా నాకు అక్షరాలు రావు. వచ్చాక కూడా చాలాకాలం చెయ్యి ఆడలేదు. నేను సొంతంగా రాసిన మొదటి మాట అబద్ధం. ఈ రోజు నాలుగు చినుకులు పడి, పెరట్లో ఆరబెట్టిన బొగ్గు నుంచి తుప్పు వాసన లేచింది. టీచరక్క గుర్తొచ్చింది.

ఆమె తమిళనాడులోని రాజపాళయం బడిలో పనిచేసి రిటైరై, సేత్తూరు దగ్గర తన పొలం చూసుకునేవారు. నేను అక్కడికి కూలికి వెళ్ళేదాన్ని. ఒకసారి బెండ మడికి టానిక్ కొట్టమన్నారు. రెండు డబ్బాలూ పచ్చవే. నేను కొట్టింది కలుపు మందు. బెండ మాడిపోయింది. తరువాత అక్కడ ఏ విత్తనం వేసినా మొలిచి, పసుపెక్కి, చచ్చిపోయేది. తిట్లకు సిద్ధపడి తల దించుకుని నిలబడ్డాను.

"నీకు అక్షరం నేర్పకుండా డబ్బా చేతికిచ్చినాను లచ్చీ. తప్పు నాది," అన్నారు.

ఆ సాయంత్రమే పలక పట్టించారు. డబ్బా మీద ఉండేది తమిళం గనక ముందు అది, తరువాత మనం ఇంట్లో మాట్లాడే తెలుగు. మట్టిని బాగుచేసే పనీ అప్పుడే మొదలైంది. పత్తి కట్టెలను మూత వేసిన డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గును అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ కాల్చేవాళ్ళం. ఇనుము పట్టిన బొగ్గు మట్టిలోని మందును వేళ్ళకు అందకుండా గట్టిగా పట్టుకుంటుందని చెప్పారు. నేను ఆగలేక మూత తీసి చూసేదాన్ని.

"దోసె అనుకున్నావా, తీసి తీసి చూసేదానికి? బూడిదే మిగిలేది," అని నవ్వేవారు.

ఆ మడి మట్టిని రెండు తొట్లలో నింపి, ఒకదానిలో బొగ్గు కలిపి, రెండింటిలోనూ దోస గింజలు వేశాం. ఏది ఏదో చీటీలు నాచేతే రాయించారు. అంతలో ఆమె ఆసుపత్రిలో చేరారు. వారం తిరిగేసరికి రెండు తొట్లలోనూ మొలకలు పసుపెక్కి వాలిపోయాయి.

చూడటానికి వెళితే, అడిగిన మొదటి మాట అదే. "బొగ్గు తొట్లో మొక్కలు నిలిచినాయా?"

"నిలిచినాయక్కా."

"నోటితో వద్దు. రాసి చూపించు."

మందుల చీటీ వెనుక, 'పచ్చగా ఉన్నాయి' అని రాశాను. ఆమె రెండుసార్లు చదువుకుని దిండు కింద పెట్టుకున్నారు. మూడో రోజు పోయారు. ఆ చీటీ ఏమైందో తెలియదు.

దహనమైన మరునాడు ఉదయం సేత్తూరు బస్సెక్కాను. బొగ్గు తొట్టికి కొత్త చీటీ కట్టాను: 'నిలవలేదు. బొగ్గు చాలలేదు.' డ్రమ్ములో పత్తి కట్టెలు నింపి, నిప్పు పెట్టి, మూత వేశాను. చల్లారేదాకా తీయలేదు.