అడగకుండా తీసిన ఫోటో

మా ఆయనకు సూర్యాపేట బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఒక కుర్చీ, ఒక స్టూలు, నీలం కొండలూ తెల్ల హంసలూ గీసిన తెర. వెనుక చీకటి గది. పెళ్లయిన కొత్తలో ఆ గదిలోని మందుల వాసనకు నాకు తల తిరిగేది. రెండేళ్లు గడిచేసరికి అందులో సగం పని నాదే అయింది. ఫిల్ము కడగడం, ప్రింట్లు తీయడం, నెగటివు మీద సన్నటి పెన్సిలుతో ముఖాల మచ్చలు దిద్దడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ దిద్దడమే నన్ను విసిగించింది. ఎవరి ముఖం చూసినా ఒకటే తీరు. గుమ్మం బయట గలగలా నవ్వుతూ వచ్చిన పిల్ల కుర్చీలో కూర్చోగానే ఊపిరి బిగబట్టేది. ఇంట్లో ఎంత మాటకారి అయినా హంసల ముందు నిలబడితే కళ్లు మిటకరించుకొని బొమ్మయిపోయేవాడు. దానికి తోడు ఆయన "కదలొద్దు" అనేవారు. మనుషులు ఇట్లా ఉండరు గదా అని, చీకటి గదిలో పెన్సిలు పట్టుకొని గొణుక్కునేదాన్ని.

అప్పట్లో మా కెమెరాలో ఒక్కో ఫిల్ముకు పన్నెండు ఫోటోలు వచ్చేవి. పెళ్లికో పేరంటానికో వాడగా ఒకటో రెండో మిగిలేవి. అవి నాకు కావాలని ఒకరోజు ఆయనను అడిగాను.

"ఏం జేస్తవ్?"

"బజార్ల జనాన్ని తీస్త."

"నేను తీసేది జనాన్ని గాదా?"

"మీరు కూసున్నోళ్లను తీస్తున్నరు. నేను పని జేసుకునేటోళ్లను తీస్త."

ఆయన "జర పైలంగ పట్టుకో, కింద పడేస్తవ్" అని కెమెరా నా మెడలో వేశారు. అది గుండెల దగ్గర పట్టుకొని తలవంచి పైనుంచి చూసే కెమెరా. ఎటు తీస్తున్నానో ఎదుటివాళ్లకు తెలియదులే అనుకున్నాను. పేటలో ఒక ఆడమనిషి మెడలో కెమెరా వేసుకొని నడిస్తే ఎవరి కంట పడదో ఆలోచించనే లేదు.

మొదట మార్కెట్ యార్డుకు పోయాను. మిర్చి కుప్పల మధ్య ఒక హమాలీ బస్తా ఎత్తబోతూ ఆపకుండా తుమ్ముతున్నాడు. ఎర్రటి ధూళిలో అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను దూరం సరిచూసుకునేలోగా నన్ను చూశాడు. బస్తా కింద పెట్టాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అరచేత్తో జుట్టు దువ్వుకొని, ఇంకో నలుగురిని పిలిచాడు. అయిదుగురూ వరుసగా, ఛాతీలు ముందుకు పెట్టి నిలబడ్డారు.

"ఇగ తియ్యమ్మా."

"ఇందాక ఎట్లున్నవో అట్లనే ఉండన్నా."

"ఇందాక ఎట్లున్న?"

"తుమ్ముతున్నవ్."

"తుమ్మేటోని ఫోటో ఎవడు సూస్తడమ్మా?" అన్నాడు. మిగతా నలుగురూ పగలబడి నవ్వారు. నేను కెమెరా ఎత్తగానే ఆ నవ్వులు కూడా ఆగిపోయాయి.

మా పుట్టిల్లు కోదాడ. పండక్కో పబ్బానికో పోయినప్పుడు అక్కడా ఇదే బాధ. ఒకసారి బస్టాండులో ఇద్దరు పెద్దమనుషులు కిటికీ సీటు కోసం కలబడ్డారు. ఒకాయన తువ్వాలు సీటు మీద వేశాడట, రెండో ఆయన దాన్ని తీసి బయట పడేశాడట. బస్సు దిగి మరీ పోట్లాడుకుంటున్నారు. ఎంత మంచి బొమ్మ అనుకుంటూ దగ్గరికి పోయాను. కెమెరా కనిపించగానే ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకొని నిలబడ్డారు.

"మా ఇద్దరికీ చెరొకటి ఇవ్వాలమ్మాయ్," అన్నాడు తువ్వాలు ఆయన. "పేపర్లో వేస్తారా?"

బస్సు వాళ్లిద్దరినీ వదిలేసి పోయింది. దానికి కూడా నన్నే అన్నారు.

ఇట్లా ఏడాది పాటు మిగిలిన ఫిల్మంతా వరుసల్లో నిలబడ్డ జనంతోనే నిండిపోయింది. మా స్టూడియోలో ఉన్న హంసలు ఒక్కటే తక్కువ. ఆయన ప్రింటు పైకెత్తి చూసి, "అందరు మంచిగ నిలవడ్డరు" అనేవారు. ఆ మాటకు ఒళ్లు మండిపోయేది.

మిర్యాలగూడలో మా అక్క ఉండేది. మా బావ అక్కడి ఒక రైసుమిల్లులో ఇంజను చూసుకునేవాడు. కాలువ నీళ్లు వచ్చాక ఆ ఊళ్లో మిల్లుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినిపించేది కాదు. ఎండాకాలం అక్కను చూడటానికి పోయి, బావకు సద్ది ఇవ్వడానికి మిల్లుకు వెళ్లాను. కెమెరా కూడా తీసుకుపోయాను. ఒక్క ఫోటో మిగిలి ఉంది.

మిల్లు వెనుక పెద్ద సిమెంటు గచ్చు. ఉడకబెట్టిన వడ్లు దాని మీద ఆరబోసి ఉన్నాయి. ఆవిరి ఇంకా లేస్తోంది. నడివయసు కూలీ ఒకామె చీర మోకాళ్ల దాకా ఎగజెక్కి, పాదాలు ఈడుస్తూ వడ్లను తిరగేస్తోంది. ఆమె నడిచిన వెనకాల నాగలి చాళ్ల లాగా గీతలు పడుతున్నాయి. కొసకు వచ్చి, ఎండ కళ్లలో పడి, మోచేయి ఎత్తి ముఖం పక్కకు తిప్పుకుంది. నోరు కొంచెం తెరుచుకుంది. నేను మీట నొక్కాను. ఆమె చూడలేదు. మళ్లీ వెనక్కి తిరిగి పాదాలు ఈడ్చుకుంటూ పోయింది.

ఆ ఫోటో ప్రింటు తీసిన రోజు సంబరంలో నేను అన్నం సరిగ్గా తినలేదు. ఆయన ప్రింటును వెలుతురులోకి తీసుకుపోయి చాలాసేపు చూశారు. ఈసారి నిలబడ్డదీ కూర్చున్నదీ అనలేదు. పెద్దది చేయమని, ఆయనే షోకేసులో కొత్త పెళ్లిజంటకూ బోర్లపడ్డ పసిపాపకూ మధ్య పెట్టారు. ఉప్పు కోసమనీ అగ్గిపెట్టె కోసమనీ వంక పెట్టుకొని నేను రోజుకు నాలుగుసార్లు బజారులోకి పోయి, బయటినుంచి దాన్ని చూసుకొని వచ్చేదాన్ని.

నెల తిరగకముందే ఆమె వచ్చింది.

మధ్యాహ్నం వేళ. ఆయన స్టూడియోలో లేరు. నేను ముందు గదిలో గుమ్మం పక్కన తొట్టి ముందు కూర్చొని ప్రింట్లు కడుగుతున్నాను. ఇస్త్రీ మడత చీర, తలలో కనకాంబరాలు, నుదుట పెద్ద బొట్టు పెట్టుకొని ఒకామె లోపలికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు.

"బయట అద్దాల పెట్టినవు సూడు, అది నేనే," అంది.

నా ముఖం వెలిగిపోయి ఉంటుంది. కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు.

"మా మిల్లు లారీలోళ్లు ఈడ చాయ్ తాగనీకి ఆగుతరు. వాళ్లు సూసి వచ్చి మిల్లుల చెప్పిన్రు. మోకాళ్ల దాంక చీర, నోరు తెరుసుకొని, బజార్ల అందరు సూస్తున్నరని. నా కొడుకుకు సంబంధం సూస్తున్న. పిల్ల తరఫోళ్లు గీ తొవ్వనే పోతరు."

"అది మంచి ఫోటో అక్కా. నేను తీసినవాటిల అంత మంచిది ఇంకోటి లేదు."

"మంచిదైతే నన్నెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు కూడ కొయ్య లెక్క నిలవడుదువు. అందరు అదే జేస్తరు. ఏడాది నుంచి ఇదే లొల్లి. ఒక్కలు గూడ ఉన్నట్టు ఉండరు," అని నా విసుగంతా ఆమె మీద కక్కాను. మందు నీళ్లు కారుతున్న చేతులు తిప్పుతూ, గొంతు పెంచి, ఫోటో అంటే ఏమిటో ఆమెకు పాఠం చెప్పాను.

ఆమె అంతా విన్నది. తర్వాత బల్ల మీది కెమెరా చూపించి, "గీ మీట నొక్కితేనే గదా?" అంది.

ఫిల్ము ఉందో లేదో కూడా నాకు గుర్తులేదు. ఆమె దాన్ని రెండు చేతులా నా వైపు ఎత్తి పట్టుకొని నొక్కింది.

"కడిగి సూసుకో. మంచిగుంటే దాన్ని పెట్టు అద్దాల," అంది. తర్వాత హంసల తెర ముందు కుర్చీలో కూర్చొని, చీర కుచ్చెళ్లు సర్దుకొని, "ఇగ నన్ను సక్కగ తియ్యి" అంది.

తీశాను. బొమ్మలాగే కూర్చుంది.

సాయంత్రం ఫిల్ము కడిగితే నేను ఉన్నాను. దూరం కుదరక కొంచెం చెదిరింది గానీ, నన్ను గుర్తుపట్టలేనంత కాదు. కొంగు నడుముకు చుట్టి, జుట్టు నుదుటికి అంటుకొని, పళ్లన్నీ కనిపించేలా నోరు తెరిచి ఉన్నాను. చీర నిండా మందు మరకలు. మా అత్తగారు కోపంగా ఉన్నప్పుడు అచ్చం అట్లాగే ఉండేది.

ఆయన తడి ప్రింటు చూసి, "మంచిగున్నది. నువ్వు అచ్చం నీ తీర్గనే ఉన్నవ్. షోకేసుల పెడదామా?" అన్నారు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నారు.

"సంపుత," అన్నాను.

మర్నాడు పొద్దున షోకేసు తెరిచి, మిల్లు గచ్చు ఫోటో తీసేశాను. పసిపాపను పక్కకు జరిపి ఖాళీ నింపాను. ఆమె కూర్చున్న ఫోటోలు రెండు, గచ్చు ఫోటో, దాని నెగటివు, అన్నీ ఒక కవరులో పెట్టి పని మీద పేటకు వచ్చి తిరిగి మిర్యాలగూడ పోతున్న మా బావతో పంపించాను. నెగటివు చేతి నుంచి వదలడానికి చాలా కష్టమైంది. రెండు రోజులు ఇంట్లో గిన్నెల మీద నా కోపం తీర్చుకున్నాను.

తర్వాత కూడా బజారుకు పోవడం మానలేదు. కాకపోతే ఇప్పుడు అడిగి తీస్తాను. అడగగానే గుండీలు పెట్టుకుంటారు. నేను ఆగుతాను. ఎంతసేపని ఊపిరి బిగబడతారు? కాసేపటికి కాళ్లు నొప్పి పుడతాయి, ఎవరో ఎవరినో తిడతారు, ఎవరికో బేరం వస్తుంది. ఒక్కోసారి అరగంట ఎండలో నిలబడాలి. పదిసార్లకు తొమ్మిదిసార్లు ఏమీ రాదు. "ఇంకెంతసేపు నిలవెడ్తవమ్మా, పని లేదా?" అని వాళ్లే నన్ను విసుక్కుంటారు.

మిల్లు గచ్చు ఫోటోలో ఉన్నామె తన కొడుకు పెళ్లికి ఫోటోలు తీయడానికి మమ్మల్నే పిలిచింది. ఆయన మండపం దగ్గర తీస్తుంటే, ఆమె నన్ను వంటల దగ్గరికి తీసుకుపోయి, అన్నం వార్చే ఆడవాళ్లను చూపించి, "వీళ్లను అడిగిన. తీసుకొమ్మన్నరు. నన్ను మాత్రం తియ్యకు," అంది.