ప్యాకేజీ సార్

పాఠక మహాశయులారా, ముందుగా నన్ను క్షమించండి. ఒక మహనీయుడి గురించి రాయడానికి కావలసిన గంభీరమైన భాష నా దగ్గర లేదు. ఉన్న కాస్తా డిగ్రీ పరీక్షల్లో ఖర్చయిపోయింది. మార్కాపురంలో మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సార్ పోయారు. గిద్దలూరులో బస్సు కోసం నిలబడి ఉండగా మా క్లాసు గ్రూపులో ఆ కబురు చూశాను. బస్సు వచ్చింది, వెళ్లింది. నేను ఎక్కలేదు.

ఆయన మాకు ప్యాకేజీ మేనేజర్ నేర్పారు. అదేమిటని అడిగితే పెళ్లి సంగతి ఎత్తుకునేవారు.

"ఏంరా, పెండ్లికి నువ్వు ఒక్కణ్ణే పిలుస్తావు. వాడు బామ్మర్ది లేనిదే రాడు. ఆ బామ్మర్ది వాళ్ల మేనమామ లేనిదే రాడు. మనం రాసే ప్రోగ్రాము గూడ అంతే. ఎవరో రాసిపెట్టిన ప్యాకేజీ ఒకటి కావాలంటావు, దానికి ఇంకో నాలుగు కావాల. అందరినీ వెతికి, బస్సెక్కించి, తగాదా రాకుండా కూర్చోబెట్టేవాడే ప్యాకేజీ మేనేజరు."

ప్యాకేజీని దించే కమాండును మాత్రం పలక మీద బలపంతో రాసి చూపించేవారు. మేము టైపు చేయడం మొదలుపెట్టగానే తుడిచేసేవారు. "పలక మీద ఉంటే నీకు వచ్చినట్లు ఎట్ల? చేతికి రావాల."

మా ఊళ్లలో ప్యాకేజీ అంటే ఒకటే అర్థం, ఉద్యోగంలో ఏడాదికిచ్చే జీతం. అందువల్ల దొనకొండ పక్క గొర్రెలు మేపుకునే ఒక పెద్దమనిషి ఒకరోజు ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"సారూ, ప్యాకేజీలు చూసేది మీరేనంట గదా. మావోడికి ఒక మంచిది చూడండి."

మేమంతా మానిటర్ల వెనక తలలు దాచుకున్నాం. సార్ నవ్వలేదు. కుర్చీ వేసి, టీ తెప్పించారు.

"అన్నా, నా కాడుండే ప్యాకేజీలకు జీతం రాదు. అవి పెట్టుకోవడం రాకపోతే మాత్రం యాడా జీతం రాదు."

"అట్లయితే మావోడికి రెండు ఎక్కువే పెట్టండి సారూ."

ఆ పెద్దమనిషి మా నాయన. ఆ రోజు నుంచి మా సార్ అందరికీ ప్యాకేజీ సార్ అయిపోయారు. నన్ను మాత్రం క్లాసు అయ్యాక కూడా వదిలేవారు కాదు. "మీ నాయన రెండెక్కువ అడిగినాడు. కూర్చో."

అందరం ఒకేసారి ఇన్‌స్టాల్ కొడితే ల్యాబ్‌లో నెట్ చేతులెత్తేసేది. అందుకని సార్ మూలనున్న పాత కంప్యూటర్లో ప్యాకేజీలన్నీ ముందే దించిపెట్టారు. ఏది కావాలన్నా బయటికి పోకుండా ఆ పాతదాన్నే అడగమని ల్యాబ్‌లోని ప్రతి మిషనుకూ సెట్టింగు రాశారు.

సంతాప సభ రోజు నేను ల్యాబ్‌లోకి తొంగిచూస్తే, అటెండర్ ఆ పాతదాని దగ్గర నిలబడి ఉన్నాడు. పనికిరాని సామానంతా ఆ రోజే ఎత్తేయమన్నారట. పక్కన జూనియర్ అమ్మాయి ఒకతె, ఏడుపు ముఖం.

"అన్నా, సోమవారం మా ప్రాజెక్టు చూపించాల. ఇది పోతే ఒక్క ప్యాకేజీ గూడ దిగదు. నా డిగ్రీ ఆగిపోతాది."

"మామా, సభ అయిపోయేదాకా ఆగు," అని అటెండర్‌ను బతిమాలాను.

"సభలో నువ్వు గూడ మాట్లాడాలంట గదరా?"

"నాకంటే బాగా మాట్లాడేవాళ్లు శానామంది ఉండారులే."

మైకులో నా పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. సార్ గురించి రెండు ముక్కలు కూడా చెప్పలేదని మిత్రులు ఇప్పటికీ తిడుతున్నారు. తిట్టనీయండి. నేను చేసింది ఒక్కటే. ఆ పాతదానిలో ఉన్నదంతా ఒక కొత్త మిషన్లోకి ఎక్కించి, మిగతా మిషన్లన్నీ వెతుక్కునే పాతదాని అడ్రసే దీనికి పెట్టాను.

అమ్మాయి ఇన్‌స్టాల్ కొట్టింది. ఒక్కొక్కటే దిగడం మొదలైంది. ఎవరో పోయిన సంగతి ఆ ల్యాబ్‌లోని కంప్యూటర్లకు ఇంకా తెలియదు.